కర్ణవైద్యానికి బాట వేసిన సర్ విలియం వైల్డ్

ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా మహనీయుని జీవితం రాసి ఇమ్మని మన సంఘం కార్యవర్గ మిత్రులు అడిగారు. పెన్షనర్లకూ, వారి కుటుంబాలకూ పనికొచ్చేదైతే మరీ మంచిదన్నారు. పనికొచ్చేది అనగానే నాకు మొదట తోచింది చెవి. మన సమావేశాల్లో అధ్యక్షులవారి మాట వెనక వరుసకు వినపడదు. వెనక వరుసవారు అడిగేది అధ్యక్షులవారికి వినపడదు. అర్ధగంట అలాగే గడిచిపోతుంది. అయితే నేను రాయబోయేది వయసుతో వచ్చే చెవుడు సంగతి కాదు. చిన్ననాడు మొదలై ఏళ్ల తరబడి చీము కారే చెవి సంగతి. దానిని తేలిగ్గా తీసుకోవద్దని జీవితమంతా చెప్పిన ఒక ఐర్లండు వైద్యుడి సంగతి.

ఆయన పేరు సర్ విలియం వైల్డ్. ఈ పేరు తెలియనివారికి ఆయన కుమారుడి పేరు చెబితే చాలు. ఆస్కార్ వైల్డ్. 'హ్యాపీ ప్రిన్స్', 'సెల్ఫిష్ జెయంట్' కథలు రాసినది ఆయనే. మన పిల్లల్లో చాలామంది ఇంగ్లీషు వాచకాల్లో ఆ కథలు చదువుకున్నవారే. తండ్రి చెవి వైద్యంలో దేశదేశాల పేరు పొందినవాడు. కొడుకు చెవి జబ్బుతోనే కన్నుమూశాడు. ఈ రెండు విషయాలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నా మనసుకు కలిగిన బాధే ఈ వ్యాసానికి కారణం.

జీవితంలోకి వెళ్లేముందు చెవి నిర్మాణం నాలుగు మాటల్లో చెప్పుకుందాం. బయటి చెవి రంధ్రం చివర పలుచని పొర ఉంటుంది. అదే కర్ణభేరి. దాని వెనక గాలితో నిండిన చిన్న గది ఉంటుంది. ఆ గదిలో ఒకదానికొకటి తగులుకుని మూడు ఎముకలు ఉంటాయి. సుత్తి ఆకారంలో ఒకటి, కమ్మరి దాగలి ఆకారంలో ఒకటి, గుర్రపు జీను కింద వేలాడే అంకవన్నె ఆకారంలో ఒకటి. అంకవన్నె ఎత్తు సుమారు 3 మిల్లీమీటర్లు. మన శరీరంలో అంతకంటె చిన్న ఎముక లేదు. కర్ణభేరి మీద పడిన శబ్దం సుత్తికి, సుత్తి నుంచి దాగలికి, దాగలి నుంచి అంకవన్నెకు అందుతుంది. అంకవన్నె పాదం లోపలి చెవి కిటికీని తడుతుంది. కర్ణభేరి వైశాల్యం ఆ పాదానికి సుమారు 17 రెట్లు. పెద్ద పొర మీద పడిన ఒత్తిడి అంతా చిన్న పాదం మీదికి చేరుతుంది గనుకనే లోపలి చెవిలోని ద్రవాన్ని కదిలించే బలం వస్తుంది. ఈ గొలుసు ఒక్కచోట తెగితే మిగతా చెవి ఎంత ఆరోగ్యంగా ఉన్నా ఎదుటివారి మాట గుసగుసగానే వినిపిస్తుంది. చీము పట్టిన చెవిలో ముందుగా దెబ్బతినేది తరచు దాగలి కొన. అక్కడికి రక్తప్రసారం తక్కువ. నెమ్మదిగా అది అరిగిపోయి అంకవన్నెతో సంబంధం తెగిపోతుంది.

ఇక విలియం వైల్డ్ దగ్గరికి వద్దాం. ఆయన 1815 మార్చిలో ఐర్లండు పశ్చిమాన రాస్‌కామన్ జిల్లాలో, కాసిల్‌రే పట్టణం దగ్గర జన్మించారు. తండ్రి థామస్ వైల్డ్ పల్లెటూళ్ల వైద్యుడు. పల్లె ప్రజల మధ్య పెరిగిన కుర్రవాడికి వారి జబ్బులతోపాటు వారి మంత్రాలు, చిట్కాలు, కథలు కూడా పరిచయమయ్యాయి. వైద్యం పుస్తకాల్లోనుంచి కాక మనుషుల్లోనుంచి మొదట నేర్చుకున్నవాడని చెప్పవచ్చు.

17వ ఏట, అంటే 1832లో, డబ్లిన్ నగరంలోని డాక్టర్ స్టీవెన్స్ ఆసుపత్రిలో శిష్యుడిగా చేరారు. అక్కడి గురువు అబ్రహాం కోలిస్. జారిపడి చెయ్యి ఆనించినప్పుడు మణికట్టు దగ్గర విరిగే ఎముకకు నేటికీ వైద్యులు ఆయన పేరే వాడతారు. మన వయసువారిలో ఆ కట్టు కట్టించుకున్నవారు కొందరుంటారు. 1837లో వైల్డ్ శస్త్రవైద్యుడిగా పట్టా పొందారు.

పట్టా చేతికి రాగానే ఒక అదృష్టం కలిసివచ్చింది. ఆరోగ్యం కోసం సొంత ఓడలో సముద్రయానం చేయదలచిన ఒక ధనవంతుడికి వెంట వైద్యుడు కావలసివచ్చాడు. 'క్రూసేడర్' అనే ఆ ఓడలో వైల్డ్ మదీరా, టెనెరిఫె దీవులు, ఈజిప్టు, పాలస్తీనా చూశారు. ఈజిప్టులో వీధివీధినా కంటి జబ్బులతో చూపు పోయిన జనం కనిపించారు. ఆయన దృష్టి కంటి వైద్యం వైపు మళ్లడానికి ఆ దృశ్యం ఒక కారణం. తిరిగివచ్చి 1840లో ఆ యాత్ర గురించి పుస్తకం అచ్చువేశారు. ఆ తరువాత లండన్‌లోని మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రిలోను, వియన్నా, బెర్లిన్ నగరాలలోను పై చదువు చదివారు. కన్ను, చెవి రెండూ నేర్చుకుని డబ్లిన్ చేరారు.

ఆ రోజుల్లో చెవి వైద్యం అంటే ఏమిటో మనం ఊహించుకోవాలి. పెద్ద వైద్యులకు చెవి మీద చిన్నచూపు. లోపలికి కనపడదు, కనపడనిదానికి వైద్యమేమిటని వారి వాదన. ఖాళీ అయిన ఆ చోటును దొంగ వైద్యులు ఆక్రమించారు. పత్రికల్లో ప్రకటనలు వేసి రకరకాల తైలాలు, చుక్కలు అమ్మేవారు. ఎవరికి ఏ జబ్బయినా ఒకటే సీసా. మన ఇళ్లలో మాత్రం ఏమి తక్కువ? చెవి కారితే నూనెలో వెల్లుల్లి వేసి కాచి గోరువెచ్చగా పోసేవారు. పసరులు పిండేవారు. పెద్దయితే అదే పోతుందనేవారు. మా చెల్లెలికి మా నాయనమ్మ అచ్చంగా ఇదే చేసింది. ప్రేమతోనే చేసింది. ఆ సంగతి చివర చెబుతాను.

1841లో వైల్డ్ డబ్లిన్‌లో ఫ్రెడరిక్ లేన్ అనే సందులో ఒక గుర్రపుశాలను బాగుచేయించి, బీదవారికి కంటి, చెవి దవాఖానా తెరిచారు. అప్పటికి ఆయన వయసు 26. రోగులు పెరిగారు, చోటు చాలలేదు. 1844లో అది సెయింట్ మార్క్స్ ఆసుపత్రి అయింది. ఐర్లండులో కంటితో సమానంగా చెవికీ మంచాలు, పాఠాలు ఏర్పడినది ఇక్కడే. పల్లెల నుంచి వచ్చే బీదల దగ్గర రుసుము అడిగేవారు కారట. బదులుగా ఒక పాత కథో, ఒక మూఢనమ్మకమో, ఒక చిట్కా వైద్యమో చెప్పమనేవారు. అలా కూడబెట్టినవాటిలో కొన్నిటిని 1852లో పుస్తకంగా తెచ్చారు. మిగిలినవి ఆయన పోయాక ఆయన భార్య అచ్చువేయించారు.

పద్ధతి విషయంలో ఆయన గట్టివారు. ముందు చూడాలి, తరువాతే మందు. గరాటు ఆకారపు చిన్న గొట్టం చెవిలో పెట్టి, సూర్యకాంతిని లోపలికి పడనిచ్చి, కర్ణభేరి రంగు, మెరుపు, రంధ్రం ఉన్నదీ లేనిదీ స్వయంగా చూసి రాసుకునేవారు. మేము ఆఫీసులో ఫైలు తెరవకుండా నోటు రాయకూడదని నేర్చుకున్నట్టు, చెవి తెరిచి చూడకుండా చుక్కలు రాయకూడదని ఆయన శిష్యులకు నేర్పారు. చెవి శరీరంలో ఒక భాగమే గనుక, మిగతా శరీరంలో వాపుకూ పుండుకూ ఏ సూత్రాలు వర్తిస్తాయో చెవికీ అవే వర్తిస్తాయని ఆయన వాదన. ఇప్పుడు ఇది మామూలు మాటే. అప్పుడు మామూలు మాట కాదు.

ఇన్నేళ్ల అనుభవం 1853లో ఒక పెద్ద గ్రంథంగా వెలువడింది. చెవి జబ్బులూ, వాటి చికిత్సా దాని విషయం. అదే ఏడు అమెరికాలో అచ్చయింది, రెండేళ్లలో జర్మన్ భాషలోకి వెళ్లింది. అందులో ఆయన అన్నిటికంటె గట్టిగా చెప్పినది చీము కారే చెవి గురించే. నొప్పి లేదు గదా అని ఊరుకోవద్దన్నారు. చీము ఆగనంతకాలం అది ఎప్పుడు, ఏ దారిన పోయి, దేనికి దారితీస్తుందో ఎవరూ చెప్పలేరన్నారు. చెవి గదికి పైకప్పుగా ఉన్నది పలుచని ఎముక. దాని పైన మెదడు. కారే చెవిని జీవిత బీమా కంపెనీలు కూడా లెక్కలోకి తీసుకోవాలని ఆయన భావం.

ఆయన పేరుతో రెండు విషయాలు శస్త్రవైద్యంలో నిలిచాయి. ఒకటి వైల్డ్ కోత. చెవి వెనక గట్టి ఎముకలో చీము పట్టి వాచి, జ్వరంతో రోగి తూలిపోతుంటే, ఆ వాపు మీద ఎముక తగిలేదాకా కోసి చీముకు దారి ఇవ్వడం. రెండోది వైల్డ్ ఉచ్చు. చీము చెవిలో పెరిగే కండను సన్నని తీగ ఉచ్చులో బిగించి తీసే పనిముట్టు. తరువాతివారు దానిని ముక్కులో పెరిగే కండకు కూడా వాడారు. సూక్ష్మజీవుల సంగతి తెలియని కాలం అది. చేతులు శుభ్రం చేసుకోవడమే ఇంకా ఆచారం కాలేదు. ఆ స్థితిలో ఒక్క కోతతో ఎన్ని ప్రాణాలు నిలిచాయో! అయితే ఆయన చేయగలిగింది అంతవరకే. చీముకు దారి ఇవ్వగలరు. అరిగిపోయిన ఎముకను తిరిగి పెట్టలేరు.

ఆయనతో సమానంగా అదే కాలంలో లండన్‌లో జోసెఫ్ టాయిన్బీ అనే వైద్యుడు కృషి చేశారు. ఇద్దరూ పుట్టినది 1815లోనే. టాయిన్బీ చనిపోయినవారి చెవులు సుమారు 2000 కోసి పరీక్షించి, ఏ జబ్బులో ఏ ఎముక ఏమవుతుందో చూశారు. రంధ్రం పడిన కర్ణభేరికి రబ్బరు బిళ్లతో కృత్రిమ పొర చేశారు. 1866లో చెవి హోరుకు మందు కనిపెట్టాలని విషవాయువులు తానే పీల్చి, ఆ ప్రయోగంలోనే ప్రాణం విడిచారు. వైల్డ్ బతికినవారిని చూసి నేర్చుకుంటే, టాయిన్బీ పోయినవారిని చూసి నేర్చుకున్నారు. ఇద్దరి పనీ కలిస్తేనే కర్ణవైద్యం శాస్త్రమైంది.

మనలో జనాభా లెక్కల డ్యూటీ చేసినవారు చాలామంది ఉన్నారు. వారికి వైల్డ్ జీవితంలోని మరో అధ్యాయం ఆసక్తి కలిగిస్తుంది. 1841 ఐర్లండు జనాభా లెక్కల్లో మరణాల పట్టికలు తయారుచేసే బాధ్యత ఆయనకు అప్పగించారు. 1851 లెక్కల్లో ఆయన సహాయ కమిషనరు. ఈ రెండు లెక్కల మధ్యలోనే బంగాళదుంప పంటకు తెగులు తగిలి ఐర్లండు మహాక్షామం వచ్చింది. 1841లో దేశ జనాభా సుమారు 81 లక్షల 75 వేలు. 1851లో సుమారు 65 లక్షల 52 వేలు. చచ్చిపోయినవారు, ఓడలెక్కి వలసపోయినవారు పోగా మిగిలిన సంఖ్య అది. ఆ పదేళ్లలో ఎవరు ఏ జబ్బుతో, ఏ ఆకలితో పోయారో పట్టికలు వేయించి, వెనుకటి శతాబ్దాలలో వచ్చిన కరువులు, మహమ్మారులు కూడా వెతికి చేర్చారు. చెవిటి మూగవారు ఎందరున్నారో ప్రత్యేకంగా లెక్క తీయించినదీ ఆయనే. వారి స్థితిగతుల మీద విడిగా రచన చేశారు. ఒక వైద్యుడు తన బల్ల దగ్గరికి వచ్చిన రోగినే గాక, రాలేని రోగిని కూడా లెక్కపెట్టాడంటే నాకు గౌరవం కలుగుతుంది. 1864లో ఆయనకు సర్ బిరుదు వచ్చినది ముఖ్యంగా ఈ లెక్కల పనికే.

ఇంకా ఆయన పనులు చెప్పాలంటే చాలా ఉన్నాయి. రాయల్ ఐరిష్ అకాడమీ మ్యూజియంలోని పురాతన వస్తువులకు 1857 నుంచి 1862 వరకు వివరమైన జాబితా తయారుచేశారు. బోయిన్ నది మీద, కారిబ్ సరస్సు మీద పుస్తకాలు రాశారు. వైద్య పత్రికకు సంపాదకత్వం వహించారు. 1853లో ఐర్లండులో రాణిగారి కంటి వైద్యుడిగా నియమితులయ్యారు. నిద్ర ఎప్పుడు పోయేవారో తెలియదు. వేషం మీద మాత్రం శ్రద్ధ సున్నా. ఆయన గోళ్ల మట్టి మీద డబ్లిన్ విద్యార్థులు హాస్యాలు చెప్పుకునేవారు. అన్ని ఆపరేషన్లూ విజయవంతం కాలేదు కూడా. నాటకకర్త బెర్నార్డ్ షా తండ్రికి మెల్లకన్ను సరిచేయబోయి, అటు ఉన్న మెల్లను ఇటు తిప్పారని షా చెప్పుకునేవాడు.

1851లో వైల్డ్‌కు జేన్ ఎల్గీతో వివాహమైంది. ఆమె 'స్పెరాంజా' అనే కలం పేరుతో దేశభక్తి గీతాలు రాసిన కవయిత్రి. 1852లో పెద్దకొడుకు విలియం, 1854 అక్టోబరు 16న ఆస్కార్, 1857లో కూతురు ఐసోలా పుట్టారు. 1855 నుంచి వారి కాపురం డబ్లిన్‌లో మెరియన్ స్క్వేర్ ఒకటో నంబరు ఇంట్లో. రచయితలు, వైద్యులు, పండితులు వచ్చిపోయే ఇల్లు. పెద్దల మాటలు వింటూ పెరగడమే ఆస్కార్‌కు తొలి చదువు.

పెద్దవారి జీవితం రాసేటప్పుడు మచ్చలు దాచడం మన పత్రికల్లో అలవాటు. నేను దాచను. పెళ్లికి ముందే వైల్డ్‌కు ముగ్గురు పిల్లలున్నారు. వారిని ఆయన వదిలెయ్యలేదు. పెద్దవాడు హెన్రీ విల్సన్‌ను వైద్యం చదివించి, తన సెయింట్ మార్క్స్‌లోనే సహచరుడిగా చేసుకున్నారు. ఇక 1864లో, సర్ బిరుదు వచ్చిన ఏడే, పెద్ద అపఖ్యాతి వచ్చిపడింది. మేరీ ట్రావర్స్ అనే పూర్వపు రోగి ఆయన మీద చెడు ఆరోపణలు చేస్తూ కరపత్రాలు పంచింది. కోపం పట్టలేక లేడీ వైల్డ్ ఆ యువతి తండ్రికి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం మీద ట్రావర్స్ పరువునష్టం దావా వేసింది. డిసెంబరులో విచారణ. వైల్డ్ సాక్షి బోను ఎక్కలేదు. జ్యూరీ ట్రావర్స్ పక్షానే తీర్పిచ్చింది గాని, ఆమె పరువుకు కట్టిన వెల ఒక్క ఫార్దింగు, అంటే పెన్నీలో నాలుగో వంతు. కోర్టు ఖర్చులు మాత్రం వైల్డ్ కుటుంబం మీద పడ్డాయి. బోనెక్కి ఉంటే బాగుండేదని అప్పుడే చాలామంది అనుకున్నారు. నా అభిప్రాయమూ అదే.

ఆ తరువాత దెబ్బ మీద దెబ్బ. 1867లో ఐసోలా జ్వరంతో పోయింది. తొమ్మిదేళ్ల పిల్ల. 1871లో పెళ్లికి ముందరి కూతుళ్లిద్దరూ, ఎమిలీ, మేరీ, ఒక విందులో గౌనుకు నిప్పంటుకుని కాలిపోయి మరణించారు. సమాజం ముందు కూతుళ్లని చెప్పుకోలేని బిడ్డల కోసం ఆయన ఏడ్చి ఉంటారు గదా! అప్పటినుంచి నగరం మీద మనసు విరిగి, కారిబ్ సరస్సు తీరాన మాయ్‌టురా అనే తన ఇంట్లో ఎక్కువ కాలం గడిపారు. 1873లో అకాడమీవారు కన్నింగ్‌హాం పతకం ఇచ్చారు. 1876 ఏప్రిల్ 19న డబ్లిన్‌లో తుదిశ్వాస విడిచారు. వయసు 61. అప్పటికి ఆస్కార్ ఆక్స్‌ఫర్డ్‌లో విద్యార్థి. మరుసటి ఏడే హెన్రీ విల్సన్ కూడా పోయాడు. చెవి వైద్యం తెలిసినవారెవరూ ఆ ఇంట్లో మిగల్లేదు.

ఇక్కడితో జీవితచరిత్ర ముగియాలి. కాని ముగియదు.

ఆస్కార్ వైల్డ్ లండన్‌లో నాటకాలతో కీర్తి శిఖరం ఎక్కి, 1895లో పడిపోయాడు. తండ్రి ఇంటిలాగే కొడుకు జీవితాన్నీ తలకిందులు చేసినది ఒక పరువునష్టం దావాయే. ఈసారి దావా వేసినది ఆస్కారే. అది వీగిపోయి, పురుషులతో సంబంధాన్ని నేరంగా చూసే ఆనాటి చట్టం కింద అతనికి రెండేళ్ల కఠిన శిక్ష పడింది. వాండ్స్‌వర్త్ జైలులో ఒకనాడు నీరసంతో ప్రార్థనా మందిరంలో కూలిపోయాడు. కుడి చెవికి దెబ్బ తగిలింది. ఆ చెవి కారడం, వినికిడి తగ్గడం గురించి 1896లో రెడింగు జైలునుంచి ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీలో రాసుకున్నాడు. సరైన చికిత్స అందడం లేదని మొరపెట్టుకున్నాడు. చెవి వైద్యుడి కొడుకు రాసిన అర్జీ అది. చదివితే మనసు కలుక్కుమంటుంది.

1897 మేలో విడుదలై ఫ్రాన్సు చేరాడు. 1900 శరదృతువులో చెవి తిరగబెట్టింది. అక్టోబరు 10న పారిస్‌లో తాను ఉంటున్న ఆల్జాస్ హోటలు గదిలోనే చెవికి ఆపరేషన్ జరిగింది. కొద్దివారాలు కొంచెం నయమనిపించినా, నవంబరు చివర్లో తలనొప్పి, సంధి కమ్మాయి. చెవిలోని జబ్బు మెదడు పొరలకు పాకింది. నవంబరు 30న మరణించాడు. వయసు 46. చాలాకాలం ఇతర కారణాలు చెప్పుకున్నారు. 2000 సంవత్సరంలో దక్షిణాఫ్రికా వైద్యులు రాబిన్స్, సెల్లర్స్ 'లాన్సెట్' పత్రికలో ఆధారాలు పరిశీలించి, అది దీర్ఘకాలపు మధ్యచెవి జబ్బేనని, చర్మపు పొర లోపలికి పెరిగి ముద్దకట్టి ఎముకను తినేసే కొలెస్టియటోమా అయి ఉంటుందని వాదించారు. తండ్రి 1853లో హెచ్చరించిన దారి వెంటే జబ్బు నడిచింది.

ఆస్కార్ పోయిన నాటికి వైద్యం ఎంతవరకు వచ్చిందో చూద్దాం. వైల్డ్ కోత చీముకు దారి మాత్రమే ఇచ్చేది. 1873లో జర్మనీలోని హాలె నగరంలో ష్వార్ట్‌జె అనే వైద్యుడు చెవి వెనక ఎముకను ఉలితో తెరిచి లోపలి చీమును శుభ్రం చేసే పద్ధతిని స్థిరపరిచారు. 1890 ప్రాంతంలో ఇంకా ముందుకు వెళ్లి, చెవి గదినంతా ఒకే గుంటగా చేసి, జబ్బుపడిన సుత్తినీ దాగలినీ కూడా తీసిపారెయ్యడం మొదలుపెట్టారు. ప్రాణం నిలిచేది. వినికిడి పోయేది. ప్రాణమా, చెవా అంటే ప్రాణమే అనడం తప్పు కాదు గదా. సుమారు 60 ఏళ్లు చెవి వైద్యం ఈ లెక్కమీదే నడిచింది.

ఆ లెక్కను మార్చినది రెండు విషయాలు. ఒకటి 1940లలో వాడుకలోకి వచ్చిన పెనిసిలిన్. రెండోది 1953లో జైస్ కంపెనీ తయారుచేసిన ఆపరేషన్ మైక్రోస్కోపు. చెవి గది ఇప్పుడు వైద్యుడి కంటికి అరచేతిలో గీతలంత స్పష్టంగా కనబడింది. పశ్చిమ జర్మనీలో వుల్‌స్టైన్, జోల్నర్ అనే ఇద్దరు వైద్యులు జబ్బును తీసెయ్యడంతో ఆగకుండా కర్ణభేరికి కొత్త పొర కట్టి, తెగిన ఎముకల గొలుసును తిరిగి కలిపే శస్త్రచికిత్సకు నియమాలు రాశారు. మొదట్లో ప్లాస్టిక్ ముక్కలు పెట్టి చూశారు. శరీరం వాటిని బయటికి నెట్టేసింది. 1957లో స్వీడన్ వైద్యులు హాల్, రిట్జ్‌నర్ రోగి సొంత ఎముకనే తీసి తిరిగి అతికించే పద్ధతి ప్రకటించారు. రోగి దాగలినే బయటికి తీసి, చెక్కి, చిన్న గుంట చేసి, అంకవన్నె తల మీద టోపీలా అమర్చడం అలా వాడుకలోకి వచ్చింది. వడ్రంగి పనిలాగే ఉంటుంది, ముక్క మాత్రం బియ్యపు గింజంత. దాగలి బొత్తిగా పనికిరాకపోతే చెవి మృదులాస్థి ముక్కనో, ఎముక పదార్థాన్ని పోలిన హైడ్రాక్సీ ఆపటైట్‌నో పెడతారు. 1990ల నుంచి సన్నని టైటానియం ముక్కలు వచ్చాయి.

అందరికీ పూర్తిగా వినబడుతుందని చెప్పడం అబద్ధం. లోపలి చెవి నరం బాగుండాలి. అంకవన్నె మిగిలి ఉంటే ఫలితం మెరుగు, పాదం ఒక్కటే మిగిలితే తక్కువ. కొలెస్టియటోమా ఉన్నవారికి ముందు జబ్బు తీసి, ఆరు నెలలో ఏడాదో ఆగి మళ్లీ తెరిచి చూసి అప్పుడు ఎముక పెట్టడమూ ఉంది. పెట్టిన ముక్క కొన్నాళ్లకు జరిగిపోవడమూ ఉంది.

మా చెల్లెలి సంగతి చెబుతానన్నాను. యాభై ఏళ్లు ఒక చెవి కారుతూనే ఉన్నా, దూదిపెట్టుకుని కాపురం చేసి, పిల్లల పెళ్లిళ్లు చేసింది. ఒకసారి తల తిరిగి వంటింట్లో పడిపోయాక గాని డాక్టరు దగ్గరికి రాలేదు. స్కాన్ తీసి, దాగలి ఆనవాలు లేదన్నారు. రెండు దఫాలుగా ఆపరేషన్ అయింది. కట్టు విప్పిన కొద్దివారాలకు ఫోనులో అన్నాను గదా, చెల్లీ వినపడుతోందా అని. ఏ చెవిలో పెట్టుకున్నావని అడిగాను. ఆ చెవిలోనే అంది. మా నాయనమ్మ కూడా గుర్తొచ్చింది. పాపం, ఆమెకు తెలిసిన వైద్యం అదే.

సర్ విలియం స్థాపించిన సెయింట్ మార్క్స్ ఆసుపత్రి 1897లో నగరంలోని మరో కంటి ఆసుపత్రితో కలిసి రాయల్ విక్టోరియా కంటి, చెవి ఆసుపత్రి అయింది. అది నేటికీ డబ్లిన్‌లో పనిచేస్తున్నది. మెరియన్ స్క్వేర్ ఇంటి గోడ మీద ఆయన పేరుతో ఫలకం ఉంది. ఆయన చేసిన పనులన్నీ వరసగా చెక్కారు. పురాతత్వం, గణాంకాలు, చరిత్ర, జానపదం ఇంకా ఏమేమో. అన్నిటికంటె ముందు రాసినది మాత్రం చెవి, కంటి శస్త్రవైద్యుడనే. ఎదురుగా ఉన్న పార్కులో 1997లో ఆస్కార్ విగ్రహం పెట్టారు. బండరాయి మీద ఒరిగి కూర్చుని ఉన్నాడు.